బ్రిటన్ ఎంఎస్సీలో ‘ప్లేస్‌మెంట్’ అంటే మన కాలేజీ ప్లేస్‌మెంట్ కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఒకే బ్రిటిష్ విశ్వవిద్యాలయం నుంచి 2026 సెప్టెంబరుకు మీకు రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి ఏడాది ఎంఎస్సీ కంప్యూటర్ సైన్స్, రెండోది అదే కోర్సు ‘విత్ ఇండస్ట్రియల్ ప్లేస్‌మెంట్’ పేరుతో రెండేళ్ళు. రెండోది తీసుకుంటే ఉద్యోగం ఖాయమని కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. అదనపు ఏడాది ఖర్చు దండగేమోనని మీ నాన్నగారు సందేహిస్తున్నారు. నేను ఇలాంటి రెండేళ్ళ కోర్సులోనే 2022 సెప్టెంబరులో చేరి 2024లో పూర్తి చేశాను. మీ నాన్నగారి సందేహం న్యాయమైనదే. కన్సల్టెన్సీ వారి మాట మాత్రం నిజం కాదు.

తికమకంతా ఆ ‘ప్లేస్‌మెంట్’ అన్న మాటలోనే ఉంది. గుంటూరు జిల్లాలో నేను బీటెక్ చదివిన కాలేజీలో ప్లేస్‌మెంట్ అంటే కంపెనీ వాళ్ళు మా దగ్గరికే రావడం, సెమినార్ హాల్లో ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టడం, సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ఎంపికైనవారి పేర్లు అంటించడం. వచ్చేది శాశ్వత ఉద్యోగం, తెచ్చే బాధ్యత కాలేజీ టీపీఓ (ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్)ది. బ్రిటన్‌లో అలా కాదు. చదువు మధ్యలో తొమ్మిది నుంచి పన్నెండు నెలల పాటు ఏదైనా సంస్థలో జీతానికి పనిచేసి, ఆ పని మీద నివేదిక రాసి, విశ్వవిద్యాలయం చేత పాస్ అనిపించుకోవడాన్నే అక్కడ ప్లేస్‌మెంట్ అంటారు. ఆ సంస్థను వెతుక్కోవలసింది విద్యార్థే. దొరకకపోతే మిమ్మల్ని నిశ్శబ్దంగా ఏడాది కోర్సులోకి మారుస్తారు. ఈ సంగతి నా ఆఫర్ లెటర్‌లో ఒకే ఒక్క వాక్యంగా ఉంది. నేను దాన్ని చదివి కూడా మామూలు షరతుల్లో ఒకటనుకుని వదిలేశాను.

చదువు విషయానికి వస్తే రెండు కోర్సులకూ పెద్ద తేడా ఉండదు. బ్రిటన్‌లో ఎంఎస్సీ అంటే మొత్తం 180 క్రెడిట్లు. సాధారణంగా 120 తరగతి పాఠాలకు, 60 చివర్లో రాసే డిజర్టేషన్ అనే పరిశోధన వ్యాసానికి. నా కోర్సులో రెండు సెమిస్టర్ల పాఠాలు మే నెలకు ముగిశాయి, జులై నుంచి మరుసటి జూన్ వరకు ప్లేస్‌మెంట్, తిరిగి వచ్చాక డిజర్టేషన్. కొన్ని చోట్ల డిజర్టేషన్ ముందు ఉంటుంది, కాబట్టి మీ కోర్సు క్రమం అడిగి తెలుసుకోండి.

అసలు కష్టం క్యాలెండర్‌లో ఉంది. పెద్ద సంస్థలు మరుసటి వేసవిలో మొదలయ్యే ఏడాది ప్లేస్‌మెంట్లకు దరఖాస్తులను సెప్టెంబరు నుంచి నవంబరు లోపే తీసుకుని మూసేస్తాయి. మన వాళ్ళు దిగేది సెప్టెంబరు చివర్లో. నేను దిగిన మొదటి నెల ఇల్లు వెతుక్కోవడానికి, బ్యాంకు ఖాతాకు, సాయంత్రాలు చేసుకోవడానికి చిన్న ఉద్యోగానికి పోయింది. నవంబరు మధ్యలో తీరిగ్గా సైట్లు తెరిచి చూస్తే చాలా వాటి ముందు ‘క్లోజ్డ్’ అని ఉంది. జనవరి బ్యాచ్‌లో చేరిన మా రూమ్మేట్ పరిస్థితి ఇంకా విచిత్రం: అతను పాఠాలు ముగించుకునే నాటికి అక్కడ ప్లేస్‌మెంట్లు మొదలయ్యే కాలం దాటిపోతుంది, తరువాతి కాలం వచ్చే దాకా ఆగడానికి కోర్సు ఒప్పుకోదు. అందువల్ల ప్లేస్‌మెంట్ కోసమే వెళ్ళేవారు జనవరి చేరిక జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

దీనికి తోడు ఆ ప్రకటనల్లో చాలావరకు అక్కడి బీఎస్సీ రెండో సంవత్సరం పిల్లలను మనసులో పెట్టుకుని రాసినవి. ప్లేస్‌మెంట్ ముగించి చివరి సంవత్సరం చదువుకు తిరిగి వెళ్ళే విద్యార్థి వారికి కావాలి. దరఖాస్తు ఫారంలో ‘ఏ లెవెల్’ (మన ఇంటర్ లాంటి అక్కడి పరీక్ష) గ్రేడ్లు అడిగే గడి దగ్గర నేను ఇంటర్‌లో వెయ్యికి 942 వచ్చాయని రాస్తే, ఆ గడి ఒకే ఒక్క అక్షరాన్ని తప్ప మరి దేన్నీ స్వీకరించలేదు. మాస్టర్స్ విద్యార్థులను తీసుకుంటారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం మొదలుపెట్టాక నా సమయం చాలా ఆదా అయింది.

సీవీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో రెండేళ్ళు చేసిన అనుభవంతో నాలుగు పేజీల సీవీ పట్టుకుని యూనివర్సిటీ కెరీర్స్ విభాగానికి వెళ్ళాను. అక్కడి అధికారిణి పెన్సిల్ తీసుకుని ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, వివాహ స్థితి, చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అన్న వాక్యం వరసగా కొట్టేశారు. ఆ తరువాత ‘రెస్పాన్సిబుల్ ఫర్’ అని మొదలయ్యే పంక్తులన్నిటి కిందా గీతలు గీసి, ‘ఇవి నీకు అప్పగించిన పనులు, నువ్వు చేసింది ఏది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ సీవీ రెండు పేజీలకు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు మీరు ఇక్కడే, విమానం ఎక్కకముందే ఖర్చు పెట్టుకోవచ్చు.

మరొక చోట నేను చేసిన పొరపాటును మీరు చేయకండి. దాదాపు ప్రతి ఫారంలోనూ ‘మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరమా?’, అంటే ఉద్యోగ వీసాకు సంస్థ పూచీ పడాలా, అన్న ప్రశ్న ఉంటుంది. విదేశీ విద్యార్థిని కదా అని నిజాయతీగా ‘అవును’ అని టిక్ పెడుతూ పోయాను. గంట తిరగకముందే తిరస్కరణ ఈమెయిళ్ళు వచ్చేవి. ప్లేస్‌మెంట్ కోర్సులో అంతర్భాగమై, దానికి మూల్యాంకనం ఉన్నప్పుడు స్టూడెంట్ వీసా మీదే పూర్తికాలం పనిచేయవచ్చు. సెమిస్టర్ రోజుల్లో ఉండే వారానికి 20 గంటల పరిమితి దానికి వర్తించదు. విశ్వవిద్యాలయాలలో డిగ్రీ, ఆపై స్థాయి కోర్సులకు ప్లేస్‌మెంట్ కాలం మొత్తం కోర్సులో సగానికి మించకూడదన్న నిబంధన ఒకటుంది, అంతే. కాబట్టి ప్రశ్న ప్లేస్‌మెంట్ కాలానికి మాత్రమే సంబంధించినదైతే సరైన సమాధానం ‘అవసరం లేదు’. యూనివర్సిటీ చేత ఆ మేరకు ఒక పేజీ ఉత్తరం రాయించుకుని దరఖాస్తుకు జతచేయడం మొదలుపెట్టాక ఇంటర్వ్యూల దాకా వెళ్ళగలిగాను. తరువాత ఉద్యోగంలో కొనసాగే ఉద్దేశం ఉందా అని విడిగా అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మొత్తం మీద నేను పెట్టినవి 74 దరఖాస్తులు. వాటిలో 11 ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షల దాకా, ఐదు ఇంటర్వ్యూల దాకా వెళ్ళాయి. మే నెల రెండో వారంలో, సంస్థను వెతుక్కోవడానికి మా డిపార్ట్‌మెంట్ పెట్టిన గడువుకు ఇరవై రోజుల ముందు, గోదాముల నిర్వహణకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే అరవై మంది ఉద్యోగుల సంస్థలో ఒకే ఒక్క అవకాశం దక్కింది. చిన్న సంస్థలు ఫిబ్రవరి తరువాత కూడా మనుషులను తీసుకుంటాయి, పైగా వాటి ప్రకటనలు పెద్ద సైట్లలో తక్కువగా కనిపిస్తాయి. ఈ సంస్థ సంగతి నాకు ఒక లెక్చరర్ ద్వారా తెలిసింది.

ఆ ఇంటర్వ్యూలో వారు నా మార్కుల గురించి అడగలేదు. ‘ఎవరూ చెప్పకుండా నువ్వు చేసిన పని ఒకటి చెప్పు’ అన్నారు. కోవిడ్ కాలంలో తెనాలిలో మా ఇంటి వసారాలో కూర్చుని నైట్ షిఫ్ట్ సపోర్ట్ చేసే రోజుల్లో, ప్రతి నెల ఒకటో తేదీ రాత్రి రెండు గంటలకు ఒక బ్యాచ్ జాబ్ (తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) ఆగిపోయేది. ఫిర్యాదు టికెట్ వచ్చేది, రీస్టార్ట్ చేసేవాళ్ళం, టికెట్ మూసేసేవాళ్ళం. నాలుగో నెలలో విసుగొచ్చి వెతికితే ప్రోగ్రామ్ తన పనిని నమోదు చేసుకునే పాత లాగ్ ఫైళ్ళతో డిస్క్ నిండిపోవడమే కారణమని తేలింది. వారం దాటిన ఫైళ్ళను కుదించి పక్కన పెట్టే పదిహేను పంక్తుల చిన్న ప్రోగ్రామ్ (షెల్ స్క్రిప్ట్) రాశాను. అంత చిన్న పనిని చెప్పుకోవడం నామోషీ అనిపించి సీవీలో రాయనే లేదు. వారు ఆ పదిహేను పంక్తుల మీద ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేశారు: స్క్రిప్టే విఫలమైతే ఎవరికి తెలుస్తుంది, ఫైల్ రాయడం జరుగుతుండగా కుదిస్తే ఏమవుతుంది, మేనేజర్‌కు ఎలా చెప్పి ఒప్పించావు? మీ దగ్గర కూడా ఇలాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు పేరు కన్నా అది విలువైనది.

పని విషయానికొస్తే, తరగతి గది ఇవ్వలేనిది ఆ ఏడాది ఇచ్చింది. మొదటి నెలలో నేను పంపిన పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్‌లో చేసిన మార్పులను ఇతరుల పరిశీలనకు పంపడం) 41 ఫైళ్ళు మారాయి. మా టీమ్ లీడ్ అందులోని కోడ్ మీద ఒక్క వ్యాఖ్య కూడా రాయకుండా, మనిషి చదవగలిగేలా చేసి పంపమని తిప్పి పంపారు. రోజంతా కూర్చుని దాన్ని ఆరు ముక్కలు చేశాను. ఆరో ముక్కను విడదీస్తుండగా, బిల్లు లెక్కగట్టే ఫంక్షన్‌లో వ్యాట్ రెండుసార్లు కలుస్తోందన్న తప్పు నాకే కనిపించింది. ఎంఎస్సీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పేపర్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి, కానీ మార్పును చిన్నదిగా ఎందుకు ఉంచాలో ఆ సాయంత్రం దాకా నాకు నిజంగా తెలియదు. డిజర్టేషన్‌కు తిరిగి వచ్చాక దాన్ని కూడా అదే పద్ధతిలో వారం వారం చిన్న ముక్కలుగా చేశాను.

డబ్బు లెక్క దాపరికం లేకుండా చెబుతాను. నా ప్లేస్‌మెంట్ జీతం ఏడాదికి 21,500 పౌండ్లు. 12,570 పౌండ్ల వరకు ఆదాయపు పన్ను ఉండదు; మిగతా దానిపై పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రతా కోత పోగా నెలకు సుమారు 1,550 చేతికి వచ్చేవి. అద్దె, తిండి, బస్సు పాసు పోను మిగిలిన దానితో డిజర్టేషన్ నెలలు గడిచాయి కానీ అప్పు తీరలేదు. ప్లేస్‌మెంట్ ఏడాదికి విశ్వవిద్యాలయం సాధారణంగా తగ్గించిన ఫీజు ఒకటి తీసుకుంటుంది, అది ఎంతో ముందే కనుక్కోండి. వీసాతో పాటు కట్టే ఆరోగ్య సర్‌చార్జి విద్యార్థులకు ఇప్పుడు ఏడాదికి 776 పౌండ్లు. రెండేళ్ళ కోర్సుకు దాన్ని ముందే మొత్తంగా కట్టాలి. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: కోర్సులో తప్పనిసరి భాగమైన, ఏడాదికి మించని ప్లేస్‌మెంట్‌కు అక్కడి కనీస వేతన నిబంధన వర్తించదు. నా సహాధ్యాయి ఒకరిని ఒక సంస్థ ఆరు నెలలు జీతం లేకుండా చేయమంది; చట్టరీత్యా వారిని తప్పుపట్టే వీలు లేకపోయింది. ఇంటి మీద అప్పు తెచ్చి వెళ్ళినవారు అలాంటి ఆఫర్‌కు ఒప్పుకోలేరు.

ఆ తరువాత సంగతి. ప్లేస్‌మెంట్ చేసిన సంస్థే ఉద్యోగం ఇస్తుందని ఆశపడ్డాను. ఏప్రిల్‌లో, ‘ఈ ఏడాది కొత్త పోస్టులు లేవు’ అన్నారు. 2023 జులై 17 నుంచి కోర్సు పూర్తి కాకుండా స్టూడెంట్ వీసా నుంచి ఉద్యోగ వీసాకు మారడం ఎలాగూ కుదరదు. అయితే ఆ టీమ్ లీడ్ ఇచ్చిన రిఫరెన్సు, చెప్పుకోవడానికి ఏడాది బ్రిటిష్ అనుభవం ఉండటం వల్ల, ఈసారి 19 దరఖాస్తులకే రెడింగ్‌లో ఉద్యోగం వచ్చింది.

మీకు పరిస్థితి నాకన్నా ఇరుకుగా ఉంటుంది. చదువు ముగిశాక అక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా నాకు రెండేళ్ళు దొరికింది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వారికి అది 18 నెలలే. ఆ తరువాత సంస్థ పూచీతో తీసుకునే స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ కనీస జీతం 2025 జులై 22 నుంచి 41,700 పౌండ్లు అయింది. వృత్తిలో కొత్తగా చేరేవారికి 33,400 దాకా సడలింపు ఉంది, కాకపోతే వారి వృత్తికి నిర్ణయించిన రేటులో 70 శాతం అంతకన్నా ఎక్కువైతే దాన్నే అందుకోవాలి. ఈ లెక్కలో ఏడాది కోర్సు విద్యార్థి డిజర్టేషన్ రాస్తూ, అక్కడి అనుభవమేమీ లేకుండా ఉద్యోగం వెతుక్కోవాలి. అందుకే ఖర్చు ఎక్కువైనా నేను రెండేళ్ళ కోర్సు వైపే మొగ్గుతాను. కానీ ఒక షరతు: ప్లేస్‌మెంట్ దొరకకపోయినా, ఉత్త ఏడాది ఎంఎస్సీతో తిరిగి వచ్చినా మీ ఇల్లు తట్టుకోగలగాలి. ఆ మాట నాన్నగారితో ఇప్పుడే, అంకెలతో మాట్లాడండి. పెళ్ళై ఉంటే మరొకటి కూడా గుర్తుంచుకోవాలి: 2024 జనవరి నుంచి ఇలాంటి కోర్సుల్లో చేరేవారు జీవిత భాగస్వామిని డిపెండెంట్‌గా తీసుకువెళ్ళలేరు.

డిపాజిట్ కట్టే ముందు కన్సల్టెన్సీని పక్కన పెట్టి నేరుగా కోర్సు డైరెక్టర్‌కు ఈమెయిల్ రాయండి. గత సంవత్సరం ఈ ప్లేస్‌మెంట్ కోర్సులో ఎంతమంది విదేశీ విద్యార్థులు చేరారు, వారిలో ఎంతమంది నిజంగా ప్లేస్‌మెంట్‌కు వెళ్ళారు, ఎన్ని జీతం ఉన్నవి, ప్లేస్‌మెంట్‌కు అర్హత పొందడానికి మొదటి సెమిస్టర్‌లో ఎన్ని మార్కులు రావాలి, సంస్థ దొరకడానికి చివరి గడువు తేదీ ఏది అని అడగండి. ‘మా విద్యార్థులు ప్రముఖ సంస్థల్లో పనిచేస్తున్నారు’ అని జవాబొస్తే, అంకెలు కావాలని మర్యాదగా ఇంకోసారి రాయండి. రెండోసారి కూడా అంకెలు రాకపోతే, నేనైతే ఆ విశ్వవిద్యాలయంలో ఏడాది కోర్సే తీసుకుంటాను.