సంతకం పెట్టేశారుగా అన్నంత మాత్రాన కేసు పోదు

ప్రశ్న: జైపూర్‌లో వేడిగాలి బెలూన్ ఎక్కాం. నలుగురికి 48 వేలు నేనే ఆన్‌లైన్‌లో కట్టాను. దిగేటప్పుడు బుట్ట నేలకు తగిలి ఒరిగింది. ఆగిందనుకుని మా అమ్మ (61 ఏళ్లు) బయటికి కాలు పెట్టేసరికి మళ్లీ లేచి ఈడ్చుకుపోయింది. చీలమండ విరిగి ప్లేటు వేశారు. 'ఏం జరిగినా మాకు బాధ్యత లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టారుగా అంటోంది కంపెనీ. కేసు వేయొచ్చా? వేస్తే జైపూర్ తిరగాలా? - ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వేయొచ్చు, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే. కాగితం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు గుర్తు చేసుకోవాల్సింది ఒకటుంది: దిగేటప్పుడు ఎలా ఉండాలో ఎక్కేముందు మీకు ఎవరైనా చెప్పారా?

బెలూన్‌కు బ్రేకులు లేవు, స్టీరింగ్ లేదు. పైలట్ చేతిలో ఉండేవి బర్నర్, పైనున్న వాల్వు తాడు, అంతే. గాలి కాస్త ఎక్కువుంటే బుట్ట ఒరగడం, కొంత దూరం ఈడ్చుకుపోవడం మామూలే. అదొక్కటే నిర్లక్ష్యమని ఏ కమిషనూ అనదు. అలా జరుగుతుందని తెలుసు కాబట్టే ముందు చెప్పి తీరాలి. వెళ్తున్న దిక్కుకు వీపు పెట్టాలి, మోకాళ్లు కొద్దిగా వంచాలి, బుట్ట లోపలి తాడు పట్టీలు గట్టిగా పట్టుకోవాలి. బుట్ట ఆగినా పైలట్ సరే అనేదాకా ఎవరూ బయటికి కాలు పెట్టకూడదు. పైనున్న గుడ్డలో అప్పటికింకా వేడిగాలి ఉంటుంది. అరవై డెబ్భై కిలోల మనిషి ఒక్కసారిగా దిగితే బరువు తగ్గి బుట్ట మళ్లీ లేస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారికి జరిగింది ఇదే అయివుండాలి.

ఈ మాటలు చెప్పకపోతే అది సేవాలోపం. చెప్పినా వినకుండా దిగివుంటే తప్పులో కొంత మీ వైపుకీ వస్తుంది, పరిహారం తగ్గుతుంది. హిందీలో గడగడా అనేసి ఎక్కించారా, అమ్మగారికి హిందీ రాదా? అదీ ఫిర్యాదులో రాయండి. ఎక్కేముందు తీసుకున్న ఫోన్ వీడియోలు ఒక్కటి కూడా చెరిపేయకండి. చెప్పారో లేదో వాటిలో వినిపిస్తుంది.

ఇక కాగితం. దాంతో మీరు ఒప్పుకున్నది బెలూన్‌కు సహజంగా ఉండే ముప్పునే. కంపెనీ నిర్లక్ష్యాన్ని కూడా భరిస్తానని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(46) ఇలాంటి ఏకపక్ష షరతులను అన్యాయ ఒప్పందాలంటుంది. అయితే ఇక్కడొక చిక్కుంది. షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. కాబట్టి 'కాగితం రద్దు చేయండి' అని జిల్లాలో అడిగి చిక్కుకోకండి. సేవాలోపానికి పరిహారం మాత్రమే అడగండి. కాగితాన్ని వాళ్లే ముందుకు తెస్తే, నిర్లక్ష్యానికి అది వర్తించదని జవాబు చెప్పుకోవచ్చు.

ఫిర్యాదిదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చని సెక్షన్ 34 చెబుతోంది. డబ్బు మీరు కట్టినా సేవ పొందిన అమ్మగారూ వినియోగదారే, ఫిర్యాదు ఆమె పేరునే వేయండి. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన సొమ్మును బట్టి తేలుతుంది: 50 లక్షల వరకూ జిల్లా, అందులో 5 లక్షల వరకూ ఫీజే లేదు. 48 వేలు కట్టిన మీరు 15 లక్షలు అడిగినా ఫీజు కట్టక్కర్లేదు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. (తిరునాళ్లలోనో ఉత్సవంలోనో టికెట్ లేకుండా ఎక్కించివుంటే ఈ దారి ఉండేది కాదు, సివిల్ దావాయే గతి.)

ఫిర్యాదుకు ముందు రెండు పనులున్నాయి. ఒకటి, కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు. అందులో పైలట్ లైసెన్సు, బెలూన్ ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్తీనెస్ సర్టిఫికెట్, బీమా పాలసీ, ఆ ఉదయం గాలి వేగం చూసుకున్న రికార్డు నకళ్లు అడగండి. ఇవ్వకపోతే కమిషన్ ద్వారా తెప్పించమని కోరవచ్చు. రెండోది, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు పది రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు. మన చట్టంలో బెలూన్ కూడా విమానమే, దానికీ 'VT' అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ ఫొటోల్లో గుడ్డ మీద వెతకండి. విమాన ప్రమాదాల లెక్కలో చేతివేళ్లు, కాలివేళ్లు, ముక్కు తప్ప ఏ ఎముక విరిగినా తీవ్ర గాయమే. అంటే చీలమండ విరిగిన ఆ సంఘటన ప్రభుత్వానికి తెలియజేయాల్సిన ప్రమాదం. తెలియజేశారా అని ఆర్టీఐలో సూటిగా అడగండి. 'లేదు' అని వస్తే ఆ ఒక్క ముక్కా మీకు బాగా పనికొస్తుంది.

పోలీసు కేసు కూడా పెట్టొచ్చు. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసినందుకు భారతీయ న్యాయ సంహిత 125(బి) కింద మూడేళ్ల వరకూ శిక్ష ఉంది. పరిహారమే మీకు ముఖ్యమైతే దాని వెంట పడమని నేను చెప్పను.

అమ్మగారి ఆరోగ్య బీమా 'సాహస క్రీడ' అని క్లెయిము తిరస్కరిస్తే ఊరుకోకండి. ప్రామాణిక మినహాయింపు వృత్తిగా ఆడేవాళ్లకే. టికెట్ కొని ఎక్కిన పర్యాటకురాలికి అది వర్తించదు. వ్యక్తిగత ప్రమాద బీమా సంగతి వేరు, అందులో విమాన ప్రయాణ మినహాయింపు ఉందేమో పాలసీ చదవండి.

ప్లేటు తీయడానికి ఇంకో ఆపరేషన్ కావాలంటే అంచనా ఖర్చు డాక్టరు చేత రాయించి ఫిర్యాదులో ఇప్పుడే కలపండి. తర్వాత చేర్చాలంటే సవరణ పిటిషన్ వేసుకోవాలి.