‘అమ్మ’ను తెరకెక్కించినవాడు

ప్రశ్న: మాస్టారూ, మా తాతగారి ట్రంకుపెట్టెలో గోర్కీ ‘అమ్మ’ తెలుగు పుస్తకం దొరికింది. మూడు రాత్రుల్లో చదివేశాను. దాన్ని సినిమాగా కూడా తీశారట. తీసినవారెవరు?
— ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: వ్సెవొలోద్ పుదోవ్‌కిన్ అమ్మా. 1926లో తీశాడు, మూకీ చిత్రం. 1893లో రష్యాలోని పెంజాలో పుట్టి, మాస్కోలో సైన్సు చదువుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, జర్మన్లకు చిక్కి, మూడేళ్లు బందీగా ఉన్నాడు. తిరిగొచ్చాక గ్రిఫిత్ తీసిన అమెరికా చిత్రం ఒకటి చూసి సినిమాల వైపు మళ్లాడు. దర్శకుడు కులెషోవ్ దగ్గర శిష్యరికం చేశాడు.

ఆ సినిమాను బరంపురంలో ఒక మిత్రుడి ఇంట్లో చూశాను. కొడుకు జైల్లో ఉంటాడు. రేపు నీకు విడుదల అని రహస్యంగా చీటీ అందుతుంది. ఆ సంతోషాన్ని చూపడానికి పుదోవ్‌కిన్ నటుడి ముఖం మీద ఆధారపడలేదు. వణికే చేతులు, పెదవుల చివర మొదలయ్యే నవ్వు, ఆ వెంటనే పొంగే వాగు, నీటి మీద ఎండ తళుకు, నవ్వే పసివాడు! నాకు గొంతు పట్టేసింది. ఆ తర్వాత జనం ఊరేగింపుగా కదులుతుంటే, అటు నదిలో మంచు పగులుతుంది. మంచు పగలడం మనవైపు ఎవరం చూశాం? నాకు మీ వంశధార గుర్తుకొచ్చింది. ఇక్కడ ఎండ కాస్తుండగానే, ఎగువ కొండల్లో కురిసిన వానకు ఎర్రనీరు చెట్లను దొర్లించుకుంటూ వస్తుంది చూడండి, అలాగే ఉంది.

నవలలో ఉన్నదే తెర మీద ఉంటుందనుకోకండి. సినిమాలో తండ్రి గొడవలో చనిపోతాడు. శవం పక్కన తల్లి కూర్చుని ఉంటుంది, నీటి చుక్కలు ఒక్కొక్కటే పడుతుంటాయి. కొడుకు నేల పలక కింద ఏదో దాచిన సంగతి అప్పుడు గుర్తొస్తుంది. తర్వాత వాడిని కాపాడుకుంటానన్న ఆశతో ఆ ఆయుధాలను ఆవిడే పోలీసులకు చూపిస్తుంది. తల్లిగా వేసిన వేరా బరనోవ్‌స్కయా ఆ క్షణంలో చేసిన నటనను నేనింకా మరచిపోలేదు.

పుదోవ్‌కిన్ ఆ తర్వాత కూడా మంచి చిత్రాలు తీశాడు. నటుడు చెర్కాసోవ్‌తో కలిసి మన దేశానికీ వచ్చాడు. 1953లో కన్నుమూశాడు. సినిమా దొరికితే అందులోని పోలీసు అధికారిని ప్రత్యేకంగా గమనించండి. ఆ వేషం వేసినది పుదోవ్‌కినే.