గిని ఒకటే అయినా సాయం ఒకటే కాదు

మహమ్మారి కాలంలో ఆదాయ అసమానతల లెక్కలను ప్రభుత్వ ప్రణాళికలో ఎలా వాడుకోవాలన్న అంశంపై వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: జిల్లాలవారీ గిని గుణకాలు చేతిలో ఉన్నాయి. అది ఎక్కువగా ఉన్న జిల్లాలకు ముందు నగదు సాయం పంపితే సరిపోదా?

జవాబు: సరిపోదు. గిని గుణకం ఆదాయాల పంపిణీ మొత్తాన్నీ సున్నాకూ (అందరికీ సమానం) ఒకటికీ (అంతా ఒక్కరి దగ్గరే) మధ్య ఒక్క అంకెగా కుదిస్తుంది. సాయం పంపేవాళ్లకు కావలసిన సంగతులు సరిగ్గా ఆ కుదింపులోనే పోతాయి.

చిన్న లెక్క వేసి చూడండి. రెండు ఊళ్లు, ఒక్కోదాంట్లో ఐదేసి కుటుంబాలు, మొత్తం ఆదాయం నూరేసి అనుకోండి. మొదటి ఊళ్లో ఆదాయాలు 4, 16, 20, 20, 40. రెండో ఊళ్లో 12, 12, 12, 16, 48. గిని రెండింటికీ 0.304 వస్తుంది. కుటుంబం గడవడానికి కనీసం 10 కావాలనుకుంటే, మామూలు రోజుల్లో మొదటి ఊళ్లో ఒక కుటుంబం ఆ గీతకు కింద ఉంది, రెండో ఊళ్లో ఎవరూ లేరు. ఇప్పుడు అందరి ఆదాయమూ పావు వంతు పడిపోయిందనుకుందాం. మొదటి ఊళ్లో 3, 12, 15, 15, 30 అయ్యాయి, గీతకు కింద ఇప్పటికీ ఒక్క కుటుంబమే. రెండో ఊళ్లో 9, 9, 9, 12, 36 అయ్యాయి, మూడు కుటుంబాలు కిందికి జారాయి. అందరికీ ఒకే నిష్పత్తిలో తగ్గింది కాబట్టి గిని మాత్రం రెండు చోట్లా 0.304 దగ్గరే నిలబడి ఉంటుంది!

పని తీరు కూడా వేరు. మొదటి ఊళ్లో ఒక్క కుటుంబానికి 7 కావాలి. సొమ్ము పెద్దది, మనుషులు తక్కువ, కాబట్టి జాబితా తప్పితే పథకమే తప్పినట్టు. రెండో ఊళ్లో ముగ్గురికి తలా ఒకటి చాలు. అక్కడ జల్లెడ పడుతూ కూర్చోవడం కన్నా అందరికీ కొద్దికొద్దిగా ఇచ్చేయడమే త్వరగా అవుతుంది, పొరపాటు జరిగినా నష్టం తక్కువ.

అందుకని ప్రతి ప్రాంతానికీ మూడు అంకెలు తీయించండి. దారిద్ర్యరేఖకు కింద ఎందరున్నారు, వాళ్లు రేఖకు ఎంత లోతున ఉన్నారు, రేఖకు పైన 25 శాతం లోపు దూరంలో ఎందరున్నారు. మూడోదాన్ని మామూలు నివేదికల్లో ఎవరూ పట్టించుకోరు, మహమ్మారిలో దాని పనే ఎక్కువ. పంపిణీని ఒక్క చూపులో చెప్పాల్సి వస్తే పాల్మా నిష్పత్తి నయం. పై పది శాతం మంది వాటాను కింది నలభై శాతం మంది వాటాతో భాగిస్తే వస్తుంది, ఎవరికైనా అర్థమవుతుంది. జిల్లాల మధ్య తేడా ఎంత, ఒక్కో జిల్లా లోపలి తేడా ఎంత అని విడదీయాలంటే మాత్రం గిని లొంగదు, థీల్ సూచిక అనే మరో అసమానత కొలమానం వాడాలి. అసమానతలో ఎక్కువ భాగం జిల్లాల లోపలే ఉందని తేలితే, జిల్లాలవారీగా డబ్బు పంచడం వల్ల సంపన్న జిల్లాల్లోని పేదలు మిగిలిపోతారు.

ప్రశ్న: కుటుంబాల సర్వే పాతది. మహమ్మారి మధ్యలో ఇంటింటికీ మనుషుల్ని పంపలేం. పాత లెక్కతో కొత్త ప్రణాళిక ఎలా వేయాలి?

జవాబు: పాత సర్వేను పారేయకండి, దాన్ని ఇప్పటికి తీసుకురండి. కావలసింది నివేదికలోని పట్టికలు కాదు, కుటుంబాలవారీ మూల దత్తాంశం, అంటే ఒక్కో కుటుంబం ఇచ్చిన అసలు జవాబులు. అందులో ఒక్కొక్కరి వృత్తి, రంగం, రాతపూర్వక ఒప్పందం ఉందా లేదా అన్నవి ఉండాలి.

ముందు ధరల సూచీతోనూ రంగాలవారీ పెరుగుదలతోనూ ఆదాయాలను మహమ్మారికి ముందటి నెల దాకా జరపండి. తర్వాత దెబ్బ ఎక్కించాలి. హోటళ్లు, నిర్మాణం, ప్రయాణికుల రవాణా, వీధి వ్యాపారం, ఇంటి పనులు ఏ మేరకు ఆగాయో కరెంటు వాడకం, అమ్మకం పన్ను వసూళ్లు, ఉద్యోగుల భవిష్యనిధి చందాలు, ఫోన్ సర్వేలు కలిపి చూస్తే ఒక అంచనా దొరుకుతుంది. వలస వెళ్లినవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఆగిపోవడాన్ని విడిగా తీసేయాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

ఎక్కువగా చెడేది దెబ్బను పంచే దగ్గర. ఒక రంగం ఆదాయం 30 శాతం పడిందంటే, ప్రతి ఒక్కరికీ 30 శాతం తగ్గి ఉండొచ్చు, లేదా పదిమందిలో ముగ్గురికి మొత్తం పోయి ఉండొచ్చు. సగటు ఒకటే. కొత్తగా పేదలైనవారి సంఖ్య మాత్రం రెండు లెక్కల్లో పూర్తిగా వేరుగా వస్తుంది. అందరికీ సమానంగా తగ్గించడం కంప్యూటర్‌లో ఒక్క వరుస పని కాబట్టి ఎక్కువమంది అదే చేస్తారు. అలా చేయొద్దు. ఎవరి పని పోయిందో యాదృచ్ఛికంగా ఎంచండి, ఒప్పందం లేనివారికీ రోజుకూలీలకూ ఆ అవకాశం ఎక్కువ పెట్టండి, కొన్ని వందల సార్లు మళ్లీ మళ్లీ నడపండి. పై అధికారులకు ఒక్క అంకె కాకుండా, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా వచ్చిన పరిధి ఇవ్వండి. ఇలా సవరించిన కుటుంబాల లెక్క మీదే ఒక్కో పథకాన్నీ పరీక్షించొచ్చు, ఇంత ఖర్చుకు ఇన్ని కుటుంబాలు రేఖ పైకి వస్తాయని.

రెండు హెచ్చరికలు. వినియోగ వ్యయంతో కట్టిన గిని సాధారణంగా ఆదాయంతో కట్టినదానికన్నా తక్కువ ఉంటుంది, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి అసమానత తగ్గిందనకూడదు. ఇక ఫోన్ సర్వేలో ఫోన్ లేనివాళ్లు ఉండరు. భారాలు (లెక్కలో ఒక్కో కుటుంబానికి ఇచ్చే ప్రాధాన్యం) సవరించి కొంత సర్దవచ్చు గానీ, నమూనాలో అసలే లేనివాళ్లను ఏ భారమూ వెనక్కి తీసుకురాదు.

ప్రశ్న: లాక్‌డౌన్ నెలల్లో సగటు వేతనం పెరిగినట్టు లెక్కలు వచ్చాయి. అది నిజమా?

జవాబు: అంకె నిజమే, అర్థమే తప్పు. అమెరికాలో 2020 ఏప్రిల్‌లో సగటు గంట వేతనం ఒక్క నెలలో 4.7 శాతం ఎగబాకింది. ఆ నెలే నిరుద్యోగం 14.7 శాతానికి చేరింది. తక్కువ జీతాలవాళ్లు ఉద్యోగాలు పోయి లెక్కలోంచి తప్పుకున్నారు, మిగిలినవాళ్ల సగటు పైకి కనిపించింది. పనిలో ఉన్నవారిని మాత్రమే లెక్కించే ఏ సూచికైనా ఇలాగే మోసం చేస్తుంది. పని పోయినవారిని సున్నా ఆదాయంతో లోపలే ఉంచి మళ్లీ లెక్కించండి.

ప్రశ్న: వార్డు స్థాయిలో పేదరికం తెలిస్తే బాగుంటుంది. రాష్ట్రస్థాయి సర్వేను వార్డులుగా విడగొట్టుకోవచ్చా?

జవాబు: నేరుగా విడగొట్టకండి. వార్డుకు 30 కుటుంబాలు దొరికి, వాటిలో 6 పేదవైతే 20 శాతం అంటారు. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది మాత్రం సుమారు 6 నుంచి 34 శాతం మధ్య అని. ఆ వెడల్పులో వార్డులకు వరుస సంఖ్యలు ఇవ్వడం లాటరీ తీయడమే. దీనికి పద్ధతి ఉంది. ఇంటి కట్టడం, కుటుంబ పరిమాణం, చదువు, నీటి వసతి వంటివాటికీ వినియోగానికీ ఉన్న సంబంధాన్ని సర్వేలో కట్టి, జనగణనలోని ప్రతి ఇంటికీ వర్తింపజేస్తారు. అలా వచ్చిన పటం ఎప్పటినుంచో ఉన్న పేదరికాన్ని బాగా చూపిస్తుంది. కొత్తగా వచ్చిపడినదాన్ని చూపించదు. ఉద్యోగం పోయిన మర్నాడు ఇంటి పైకప్పు మారదు కదా! ఆస్తులు చూసి మార్కులు వేసే అర్హత పద్ధతులన్నిటికీ ఇదే లోపం. మహమ్మారిలో వాటితో జల్లెడ పడితే నిన్నటి పేదలే దొరుకుతారు.

ప్రశ్న: పేదల జాబితా అసలే లేకపోతే ఫోన్ వివరాలతో గుర్తించవచ్చని విన్నాం. నమ్మొచ్చా?

జవాబు: ఆఫ్రికాలోని టోగో చేసి చూపించింది. 2020 ఏప్రిల్‌లో నోవిస్సీ అనే నగదు పథకం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ అక్కర్లేని మామూలు ఫోన్‌తోనే దరఖాస్తు, డబ్బు కూడా ఫోన్‌లోకే. మొదట ఓటర్ల జాబితాలో ఉన్న వృత్తి, చిరునామా ఆధారంగా అసంఘటిత రంగం వారికి ఇచ్చారు. తర్వాతి దశలో ఉపగ్రహ చిత్రాలతో వంద నిరుపేద కాంటన్లను (స్థానిక పాలనా విభాగాలు) ఎంచి, వాటిలో కాల్ వివరాల సరళిని బట్టి మనుషులను ఎంచారు. కొందరిని ఫోన్‌లో ఖర్చుల గురించి అడిగి, ఆ జవాబులకూ వాళ్ల ఫోన్ వాడకానికీ ఉన్న సంబంధాన్ని యంత్రానికి నేర్పారు.

ఫలితం మిశ్రమం, అందుకే ఆసక్తికరం. ప్రభుత్వం పరిశీలించిన ప్రాంతాలవారీ పద్ధతులతో పోలిస్తే, అర్హులు తప్పిపోవడం 4 నుంచి 21 శాతం తగ్గింది. కుటుంబాల స్థితిగతులన్నీ నమోదైన సమగ్ర సామాజిక జాబితా ఉంటే వచ్చే ఫలితంతో పోలిస్తే అదే తప్పు 9 నుంచి 35 శాతం ఎక్కువ. అంటే జాబితా లేనప్పుడు ఇది మంచి మార్గం, ఉన్నప్పుడు జాబితాకు బదులు కాదు. ఒకే సిమ్‌ను ఇంటిల్లిపాదీ వాడే చోట, ఫోనే లేని చోట ఇది గుడ్డిది. అక్కడ చేతి దరఖాస్తు, ఫిర్యాదు కౌంటరు తప్పనిసరి.

ప్రశ్న: టీకాలకు వయసు, జబ్బులు చూస్తే చాలదా? ఆదాయ లెక్క ఎందుకు?

జవాబు: వరుసలో ముందు ఎవరన్నది వయసు చెబుతుంది. కేంద్రం ఎక్కడ పెట్టాలో, ఏ వేళ తెరవాలో ఆదాయం చెబుతుంది. ఆన్‌లైన్ బుకింగ్‌కు వదిలేస్తే తీరికా ఇంటర్నెట్టూ ఉన్నవారే ముందు చేరతారు. కాలిఫోర్నియా 2021 మార్చిలో 40 శాతం డోసులను, జీవన పరిస్థితుల సూచికలో అట్టడుగు పావు వంతులో ఉన్న ప్రాంతాలకు కేటాయించింది. అంతకు కొన్ని వారాల ముందే, వెనకబడిన వర్గాల కోసం ఇచ్చిన బుకింగ్ కోడ్‌లు చేతులు మారి బయటివాళ్లు వాడేసుకున్నారు. కాబట్టి కోటా పెట్టి ఊరుకోకూడదు, టీకా తీసుకున్నవారి నివాస ప్రాంతాన్ని వారం వారం సరిచూడాలి. కేసుల సంఖ్యనూ అలాగే అనుమానించండి. పరీక్షలు తక్కువ జరిగిన పేద ప్రాంతం సురక్షితంగా కనిపిస్తుంది. పరీక్షల్లో పాజిటివ్ శాతం చూడండి.

ప్రశ్న: సాయం ఇంటికి ఇంత అనాలా, మనిషికి ఇంత అనాలా?

జవాబు: మనిషికి ఇంత అంటే పెద్ద కుటుంబాలకు న్యాయం, కానీ సభ్యుల లెక్క పెంచి చూపడం మొదలవుతుంది. ఇంటికి ఇంత అంటే కాగితం మీద ఇళ్లు చీలతాయి. బ్రెజిల్ 2020లో మధ్యేమార్గం పట్టింది. అర్హుడైన పెద్దకు నెలకు 600 బ్రెజిల్ రియాల్, ఒంటరి తల్లికి రెట్టింపు, ఒక ఇంట్లో ఇద్దరికి మించి లేదు. పాత సామాజిక జాబితాలో ఉన్నవారి అర్హతను ఆ జాబితాతోనే సరిచూశారు, లేనివారికి యాప్ పెట్టారు. పరిమితి ఎక్కడ పెట్టాలన్నది మీ సర్వేలోని కుటుంబ పరిమాణాన్ని కింది నలభై శాతం మందికి విడిగా తీసి చూసుకోండి. మొత్తం జనాభా సగటుతో పెట్టకండి, కింది వర్గాల్లో ఇళ్లు తరచూ అంతకన్నా పెద్దవి.