రివెట్టు మార్చే ముందు దాని కింద చూడు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పాత కాటమరాన్, అదే రెండు దోనెల తెరచాప పడవ, కొన్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసుకుని మళ్ళీ మళ్ళీ చూశాను. రెండు దోనెలూ బాగానే ఉన్నాయి. నా టెన్షన్ అంతా మాస్ట్ గురించే, అదే తెరచాప కట్టే అల్యూమినియం స్తంభం గురించి. దాన్ని రెండు వైపులా పట్టి నిలబెట్టే పక్క తీగలు వచ్చి మాస్ట్‌కి తగులుకునే స్టీలు పట్టీ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తోంది. రివెట్లు లూజయ్యాయి, కొత్తవి కొట్టేస్తాను అని రాశావు. అప్పుడే కొట్టకు తల్లీ. ముందు ఆ పట్టీ విప్పి, దాని కింద ఏముందో చూడు.

ఒకప్పుడు నేనూ అదే పని చేశాను. లూజైన పట్టీకి పాత బెజ్జాల్లోనే కొత్త రివెట్లు వేశాను. బాగా బిగిసింది, సంతోషించాను. దాని కింద అల్యూమినియం గుంటలు పడి పలచబడిపోయిన సంగతి నేను చూడలేదు. కొన్ని వారాలకు, పెద్ద గాలి కూడా లేని రోజున, పట్టీ ఊడి మాస్ట్ మొత్తం కూలింది. ఆ రోజు పడవలో మీ అమ్మ కూడా ఉంది. ఆమె తలకు జానెడు దూరంలో పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ తెల్ల పొడి అల్యూమినియం తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలూ అల్యూమినియమూ ఒకదానికొకటి ఆనుకుని ఉప్పునీటిలో తడిస్తే చిన్న బ్యాటరీలా తయారవుతాయి. అందులో కరిగిపోయేది అల్యూమినియమే, స్టీలు మెరుస్తూనే ఉంటుంది. పైగా ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి పట్టీని కింద నుంచి పైకి నెడుతుంది. నీ రివెట్లు లూజవడానికి చాలావరకు కారణం ఇదే అయి ఉంటుంది.

మాస్ట్ దించేటప్పుడు ఒంటరిగా దించకు, తల ఎత్తి కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకోకుండా అసలు దించకు. దించాక రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టి మంచినీళ్ళతో కడుగు. ఏది ఎక్కడ ఉందో ఫోటోలు తీసుకో.

పాత రివెట్టు తీయడానికి ఓపిక కావాలి. ముందు మధ్యలో మిగిలిన మేకు ముక్కను సన్నటి పంచ్‌తో లోపలికి కొట్టు. అది స్టీలుదైతే డ్రిల్లు బిట్టు దాని మీద జారి పక్కకు పోతుంది, బెజ్జం వంకరవుతుంది. తర్వాత తల వరకే తొలిచి, మిగతాది పంచ్‌తో తోసేయ్. స్టెయిన్‌లెస్ రివెట్టయితే డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ గట్టిగా అదుము, నూనె చుక్క వేస్తూ ఉండు. వేగంగా తిప్పితే ఆ స్టీలు అక్కడికక్కడే ఇంకా గట్టిపడుతుంది. లోపల పడ్డ ముక్కలన్నీ మాస్ట్ ఎత్తి దులిపి బయటికి తీయాలి. అక్కడే వదిలేస్తే అవి లోపలి నుంచి అల్యూమినియాన్ని తింటాయి.

పట్టీ వచ్చాక పొడి గీకి, గోరుతో తడిమి చూడు. పైపై మచ్చలైతే పర్వాలేదు. గోరు దిగేంత గుంటలుంటే, బెజ్జం గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటే, ఆ చోటు బరువు మోయదు. 4.8 మిల్లీమీటర్ల బెజ్జం కొంచెమే సాగి, చుట్టూ లోహం బాగుంటే 6.4 రివెట్టుకి సరిపోయేలా తొలచవచ్చు. అప్పుడు పట్టీ బెజ్జం కూడా ఆ సైజుకు తొలచాలి. దానికీ చుట్టూ తగినంత లోహం మిగలాలి. లేదంటే పట్టీని కొద్దిగా పైకో కిందకో జరిపి మంచి లోహంలో కొత్త బెజ్జాలు వేయాలి, రెండు పక్కలా సమానంగా. వాటిని మాస్ట్ చుట్టూ ఒకే గీతలో వేయకు. తపాలా బిళ్ళ చిల్లుల దగ్గర చిరిగినట్టు మాస్ట్ అక్కడే విరుగుతుంది. పాత బెజ్జంలో ఎపాక్సీ నింపి అందులోనే రివెట్టు కొట్టడం మాత్రం వద్దు. నీళ్ళు ఆపడానికి పనికొస్తుంది గానీ లాగుడుకి నిలవదు. వెల్డింగ్ చేయిద్దామనీ అనుకోకు. ఆ వేడికి చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తబడుతుంది. గుర్తులు పెన్సిల్‌తో కాకుండా మార్కర్‌తో పెట్టుకో. పెన్సిల్‌లోని గ్రాఫైట్ కూడా అల్యూమినియానికి పడదు.

బిగించేటప్పుడు పట్టీకీ మాస్ట్‌కీ మధ్య పలచటి ప్లాస్టిక్ షీటు పెట్టు. ప్రతి రివెట్టునూ, రెండు లోహాలు తగిలి తుప్పు పట్టకుండా ఆపే డ్యూరలాక్ గానీ టెఫ్-జెల్ గానీ రాసి వెయ్యి. పక్క తీగల పట్టీకి అల్యూమినియం రివెట్లు చాలవు, స్టెయిన్‌లెస్ లేదా మోనెల్ (నికెల్, రాగి కలిసిన లోహం) వాడు. వాటిని బిగించాలంటే పొడవు చేతుల రివెట్ గన్ను కావాలి, చిన్నది సరిపోదు. బెజ్జాలు మూసే సిలికాన్ కొనేటప్పుడు వాసన చూడు. వెనిగర్ వాసన వస్తే అందులో ఆమ్లం ఉన్నట్టు, అల్యూమినియం మీద వాడకు. మూయడం ఎందుకంటే, ఇలాంటి చిన్న పడవల మాస్ట్‌లో గాలి నిలిచి ఉంటేనే బోల్తా పడ్డప్పుడు అది తేలుతుంది, పడవ పూర్తిగా తలకిందులు కాకుండా ఆపుతుంది.

మాస్ట్ అడుగున అది తిరిగే చోటు చూశావా? అక్కడ ప్లాస్టిక్ బిళ్ళ ఉంటే, అది అరిగిపోయి లోహం మీద లోహం రాసుకుంటోందేమో చూడు. నల్లటి మడ్డి కనిపిస్తే రాసుకుంటున్నట్టే. బిళ్ళ మార్చడం చిన్న పని, అశ్రద్ధ చేస్తే అడుగు భాగమే మార్చాల్సి వస్తుంది. మాస్ట్ పైన, తెరచాప ఎత్తే తాడు తిరిగే కప్పీని వేలితో ఊపి చూడు. ఇరుసు అరిగి పక్కకు ఊగుతుంటే, తాడు కప్పీకీ పక్క రేకుకీ మధ్య ఇరుక్కుంటుంది. గాలి పెరిగిన వేళ తెరచాప కిందికి రాకపోతే ఏం చేస్తావు?

మాస్ట్‌ని పట్టే తీగల మీద పాత నూలు గుడ్డ జారుస్తూ పో. తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. చేతితో చూడకు, కోసుకుంటుంది. తీగ చివర బిగింపులోకి దూరే చోటు భూతద్దంతో చూడు, పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే. రెండో పక్క తీగకూ అంతే వయసు, కాబట్టి రెండూ కలిపి మార్చు. తీగలను తగిలించే పిన్నుల మీద గోరు గీస్తే గాడి తగిలినా మార్చు. వాటి చివర రింగులు ఎలా ఉన్నా కొత్తవి వెయ్యి.

అన్నీ అయ్యాక మొదటిసారి తక్కువ గాలిలో, ఒడ్డుకు దగ్గరగా ఒక గంట తిరుగు. తిరిగొచ్చి ప్రతి రివెట్టూ, ప్రతి పిన్నూ మళ్ళీ చూడు.

పట్టీ విప్పిన రోజున దాని కింద కనిపించినదాన్ని దగ్గరగా ఫోటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టి. నేను చూసేదాకా రివెట్లు కొనకు.

ఇట్లు,
మామయ్య