నోటీసు బోర్డు ముందు నిలబడ్డ మనిషి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సమాచార పౌర సంబంధాల శాఖలో నీకు ఏపీఆర్వోగా, అంటే సహాయ పౌర సంబంధాల అధికారిగా, ఉద్యోగం వచ్చిందని, సముద్రతీరం వెంబడి ఉన్న డివిజనుకు వేశారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ముప్పై నాలుగేళ్లు నేను చేసిన పనే ఇప్పుడు నీ చేతికి వచ్చింది. ఆ రాత్రి పాత డైరీలు ముందు వేసుకుని కూర్చున్నాను. నీకు చెప్పవలసినవి చాలా ఉన్నాయి. ఫోనులో చెబితే గాలిలో కలిసిపోతాయి కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

చేరిన మొదటి వారంలోనే నీ రోజంతా నిండిపోతుంది. పర్యటనలు, పత్రికా ప్రకటనలు, ఫొటోలు, సాయంత్రానికి పత్రికల కత్తిరింపులు. అవన్నీ చేయాల్సిన పనులే. అయితే మన శాఖ పేరులో ‘సమాచారం’ అనే మాట ముందు ఉంది. ఆ మాటకు బాధ్యత వహించాల్సింది నువ్వు. నాకు అది అర్థం కావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఎలా అర్థమైందో చెబుతాను.

వితంతు పింఛను నెలకు 75 రూపాయలు ఉన్న రోజులవి. ఒక మండలంలో పింఛన్ల జాబితా మళ్లీ సరిచూశారు. కొందరి పేర్లు తీసేశారు. అక్కడి అధికారి అడిగితే ఆ నోటీసు నేనే రాసిచ్చాను. దాని నకలు ఇప్పటికీ నా డైరీలో ఉంది: ‘అనర్హులుగా గుర్తింపబడిన లబ్ధిదారులు తమ అభ్యంతరములు ఏవేని యున్నచో ఈ నోటీసు తేదీ నుండి పక్షము దినములలోగా వ్రాతపూర్వకముగా దాఖలు పరచుకొనవలెను.’ తప్పు లేకుండా రాశానని ఆ రోజు తృప్తిపడ్డాను.

ఏడాది తర్వాత అదే మండలంలో గ్రామసభకు వెళ్లాను. ఒక పెద్దామె నా దగ్గరకు వచ్చి పింఛను ఆగిపోయిందని చెప్పింది. నోటీసు చూడలేదా అమ్మా అని అడిగాను. చూసిందట. ఆరో తరగతి చదివే మనవడిని వెంటబెట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లి చదివించుకుందట. వాడు ఒక్క అక్షరం పోకుండా చదివాడు. ‘అభ్యంతరాలు ఉంటే చెప్పమని ఉంది బాబూ. నాకే అభ్యంతరమూ లేదు. సర్కారు వాళ్లతో నాకు పేచీ ఏముంటుంది? అందుకని ఇంటికి వచ్చేశాను’ అంది.

సర్వే చేసిన రోజున ఆమె మిరప కోతలకు పక్క ఊరు వెళ్లింది. ఇంట్లో లేదని పేరు కొట్టేశారు. ఒక్క అర్జీ పెట్టుకుంటే తిరిగి వచ్చేది. ఆ అర్జీ పెట్టుకోవచ్చని చెప్పడానికే నేను నోటీసు రాశాను. కానీ నా నోటీసు చదివించుకున్నాకే ఆమె అర్జీ పెట్టకుండా వెనక్కి వెళ్లింది. ఆ పేరు మళ్లీ ఎక్కించడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అప్పటి దాకా ఆమె ఏం తిన్నదో నేను అడగలేకపోయాను.

ఆ రాత్రే అదే నోటీసును తిరిగి రాశాను. అది కూడా డైరీలో ఉంది. ‘ఈ జాబితాలో మీ పేరు ఉంటే వచ్చే నెల నుంచి మీకు పింఛను రాదు. మీ పేరు పొరపాటున తీసేశారని మీరు అనుకుంటే మార్చి 20వ తేదీ లోపల మండల ఆఫీసుకు రండి. రేషన్ కార్డు తెచ్చుకోండి. అర్జీ రాయడం రాకపోతే ఇక్కడే రాసిపెడతారు. డబ్బులు ఏమీ కట్టనక్కర్లేదు. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.’ దీనిలో ఆఫీసు హోదా తగ్గిందని ఒక పెద్ద అధికారి నొచ్చుకున్నారు. నేను వాదించలేదు. రెండు నోటీసులూ మా అటెండరుకు చదివి వినిపించి, ఏమర్థమైందో ఆ అధికారి ముందే చెప్పమన్నాను. ఆ తర్వాత ఆ ఆఫీసు నుంచి రెండో రకం నోటీసులే వెళ్లాయి.

ఈ పద్ధతిని నువ్వు మొదటి రోజు నుంచీ పాటించు. ఏ ప్రకటన అయినా అచ్చుకు వెళ్లే ముందు ఆఫీసు ఊడ్చే ఆమెకో, గేటు దగ్గర ఉండే ఆయనకో పైకి చదివి వినిపించు. ‘అర్థమైందా’ అని మాత్రం అడగకు. నీ మీద గౌరవంతో అర్థమైందనే అంటారు. ‘ఇది విన్నాక మీరు రేపు పొద్దున ఏం చేస్తారు?’ అని అడుగు. వాళ్లు తడుముకున్న చోట నీ వాక్యం చెడిందని గుర్తు.

మాటల విషయంలో రెండు వైపులా గొయ్యి ఉంది. ఒకవైపు నా పాత నోటీసులాంటి గ్రాంథికం. రెండోవైపు ఇంగ్లిష్ జీవోలోని మాటలను అలాగే తెలుగు లిపిలోకి దించడం. ‘ఆధార్ సీడింగ్ పెండింగ్’ అని రాస్తే రైతుకు ఏం తెలుస్తుంది? ‘మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ నంబరు ఇంకా కలపలేదు, బ్యాంకుకు వెళ్లి కలిపించుకోండి’ అని రాయాలి. అలాగని జనం నోట నలిగిన మాటలను తీసేసి కొత్త సంస్కృత పదాలు పెట్టకు. పాస్‌బుక్కు, అడంగల్, పహాణీ, ఈసీ లాంటి భూమి కాగితాల పేర్లు పల్లెలో అందరికీ తెలుసు. వాటికి అనువాదం అక్కర్లేదు. పాలన ప్రజల భాషలో సాగాలనే 1966లో మన రాష్ట్రం అధికార భాషా చట్టం చేసుకుంది. ఆ చట్టం నిలిచేది నువ్వు రాసే అర పేజీ నోటీసులోనే.

ఇంకో మాట. ఏం రాయాలో పై నుంచి వచ్చిన కాగితం చూసి నిర్ణయించుకోకు. వారానికి ఒక పూట తహసీల్దారు కార్యాలయంలోనో, గ్రామ సచివాలయంలోనో, మీసేవ కేంద్రంలోనో కిటికీ పక్కన కూర్చో. నోటుబుక్కు తెరిచి, వచ్చిన వాళ్లు అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాసుకో. పీఎం కిసాన్ సంగతే చూడు. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతల్లో 2,000 చొప్పున అని మన పోస్టర్ల మీద పెద్ద అక్షరాలతో రాస్తాం. అది తెలియని రైతు లేడు. కిటికీ దగ్గర అతను అడిగేది ‘పక్కింటాయనకు పడ్డాయి, నాకెందుకు పడలేదు?’ అని. ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూడడం, కాకపోయి ఉండవచ్చు, ఆధార్ బ్యాంకు ఖాతాకు కలవకపోయి ఉండవచ్చు, భూమి రికార్డులో ఇంకా తండ్రి పేరే ఉండి ఉండవచ్చు. ఒక్కోదానికి ఒక్కో ఆఫీసుకు వెళ్లాలి. ఏ కారణానికి ఎక్కడికి వెళ్లాలో చెప్పే కాగితం అచ్చు వేస్తే, పథకం పేరు రాసిన వంద బ్యానర్ల కన్నా అది ఎక్కువ మందికి పనికొస్తుంది. అర్జీని కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారు, పైన ఎవరికి చెప్పుకోవాలి అన్న రెండు సంగతులనూ మన వాళ్లు ఎప్పుడూ వదిలేస్తారు. నువ్వు వదలకు.

ఇది మనం దయతో చేసే పని అని ఎవరైనా అంటే సమాచార హక్కు చట్టం తీసి చూపించు. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. దాని 4వ సెక్షన్ చదువు. ప్రతి కార్యాలయం 17 రకాల వివరాలను ఎవరూ అడగకముందే తనంతట తానే బయటపెట్టాలి. స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో చెప్పాలని కూడా అందులోనే ఉంది. అడిగే వారికి రుసుము కూడా భారం కాకూడదని ఉమ్మడి రాష్ట్రంలో అప్పుడే నిబంధన పెట్టారు. గ్రామ స్థాయి కార్యాలయంలో ఏమీ కట్టనక్కర్లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. ఈ సంగతి నీ డివిజనులో ప్రతి సచివాలయం గోడ మీద కనిపించాలి, అదీ కూర్చున్న వాళ్ల కంటికి ఆనే ఎత్తులో. నిలువెత్తు మనిషి మెడ ఎత్తి చూడాల్సిన చోట నోటీసు అంటించేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక నీ డివిజను తీరంలో ఉంది కాబట్టి తుఫాను గురించి వివరంగా రాయాలి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. సుమారు పదివేల మంది పోయారు. ఉద్యోగంలో చేరాక ఆ ఊళ్లలో తిరిగినప్పుడు బతికి బయటపడిన వాళ్లను అడిగేవాణ్ని. గాలివాన వస్తుందని అనుకున్నాం, సముద్రం లేచి ఊళ్లోకి వస్తుందని మాత్రం అనుకోలేదు అనేవారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. వాతావరణ హెచ్చరిక జారీ కావడం ఒకటి, తన ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో మనిషి కళ్ల ముందు కనబడడం మరొకటి.

‘పదో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని మనం ప్రకటిస్తుంటాం. రేవుల్లో ఎగరవేసే ఆ సూచికలు, 1 నుంచి 11 వరకు, ఓడల వాళ్ల కోసం పెట్టినవి. పూరిపాకలో ఉన్న మనిషికి దానితో పని లేదు. ‘ఈ రాత్రి సముద్రపు నీళ్లు మీ నడుము ఎత్తు దాకా రావచ్చు. సాయంత్రం ఐదు లోపల హైస్కూలు భవనానికి వెళ్లండి. పశువుల కట్లు విప్పేయండి. కాగితాలు, మందులు ప్లాస్టిక్ సంచిలో కట్టుకోండి’ అని చెప్పాలి. వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఆ మూడు దశలకూ ఊరి వాళ్లు ఏ దశలో ఏం చేయాలో రాసిన చాటింపు పాఠాలు ఎండాకాలంలోనే సిద్ధం చేసి ఉంచుకో. తుఫాను ముంచుకొచ్చిన రోజున కూర్చుని రాయడానికి నీకు తీరికా ఉండదు, కరెంటూ ఉండదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఫోన్లు మూగబోయాయి. అక్కడికి డ్యూటీ మీద వెళ్లిన మా బృందం వద్ద మిగిలినవి రెండు ఆటోలు, రెండు మైకులు. నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎన్ని గంటలకు వస్తుంది, పాలు ఎక్కడ దొరుకుతాయి, కరెంటు ఎప్పుడు వస్తుంది అన్న మూడు సంగతులే పూటపూటకూ చెప్పాం. కరెంటు విషయం తెలియనప్పుడు ‘ఇంకా తెలియదు, రేపు ఉదయం పదింటికి ఇక్కడే చెబుతాం’ అన్నాం. పదింటికి తప్పకుండా వెళ్లాం. అప్పటికీ కరెంటు సంగతి తేలలేదు. ఆ మాటే చెప్పడానికి వెళ్లాం. ఒక పెద్దాయన మంచినీళ్లు ఇచ్చి, ‘వస్తామన్నారు, వచ్చారు’ అన్నాడు. చెడు వార్త చెప్పడానికి భయపడి ఆఫీసు తలుపులు మూసుకుంటే, ఆ ఖాళీని పుకార్లు ఒక్క పూటలో నింపేస్తాయి.

మైదానంలో పని చేసి మన్యంలోని పాడేరు వైపో, సీతంపేట వైపో బదిలీ అయితే తెలుగు కూడా చాలదని గుర్తుంచుకో. అక్కడి గిరిజనులు ఇళ్లలో మాట్లాడేవి కువి, సవర భాషలు. నేను ఆదిలాబాద్‌లో ఉన్నప్పుడు మలేరియా గురించి తెలుగు కరపత్రాలు కట్టలు కట్టలు పంచాం. గోండు పిల్లవాడు ఒకడు సంతలో డోలు పట్టుకుని తన భాషలో పది నిమిషాలు చెప్పాక గాని ఎవరూ ఆగి వినలేదు. స్థానిక కళాకారుల బుర్రకథకైనా, ఒగ్గుకథకైనా కథలోపల నీ విషయాన్ని వాళ్లనే అమర్చుకోనివ్వు. నువ్వు రాసిచ్చిన వాక్యాలు వల్లించమంటే కథ చచ్చిపోతుంది.

జనం చేతికి మాట అందితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. రాత్రి బడిలో చదువుకునే ఆడవాళ్లకు అక్షరాస్యత వాచకంలో సారా వల్ల కాపురాలు ఎలా కూలుతాయో చెప్పే పాఠం ఒకటి వచ్చింది. వాళ్లు ఆ పాఠంలో తమ ఇళ్లనే చూసుకున్నారు. 1992లో ఆ ఊళ్లో మొదలైన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం ప్రభుత్వ కార్యక్రమం కింద వచ్చినదే. చదివిన వాళ్లు ప్రభుత్వాన్నే నిలదీశారు. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే గర్వంగా అనిపించే ఉదాహరణ అది.

ఒత్తిళ్ల గురించి కొద్దిగా చెప్పి ముగిస్తాను. పోస్టరులో ముప్పావు వంతు ఫొటోలే ఉండాలని అడిగేవాళ్లు ఉంటారు. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తి ఫొటోలే ఉండవచ్చని సుప్రీంకోర్టు 2015 మేలో తీర్పు చెప్పి, 2016 మార్చిలో గవర్నర్లు, ముఖ్యమంత్రులు, మంత్రుల ఫొటోలకూ వీలు కల్పించింది. నీ స్థాయిలో ఫొటో సైజు మీద యుద్ధం గెలవలేవు. దాని బదులు, అదే బడ్జెట్‌లో అర కాగితం కరపత్రం ఒకటి విడిగా అడుగు. ఎవరు అర్హులు, ఏ కాగితాలు తేవాలి, ఆఖరి తేదీ, ఎక్కడ ఇవ్వాలి, కాదంటే ఎవరిని అడగాలి, ఇవే ఉండాలి. నేను అడిగినప్పుడల్లా ఇచ్చారు. అది అడగాలని ఎవరికీ తోచకపోవడమే ఇన్నాళ్లూ జరిగిన లోపం.

నీ మొదటి నోటీసు ముసాయిదా రాయగానే అచ్చుకు పంపకుండా ముందు నాకు పంపు. మీ పెద్దమ్మకు పైకి చదివి వినిపిస్తాను. ఆమె ఎక్కడ ‘మళ్లీ చదవండి’ అంటుందో అక్కడ గీత పెట్టి తిప్పి పంపుతాను.

ఇట్లు,
నీ పెదనాన్న