ముందు ఒళ్ళు వదులైతే మనసు దారికొస్తుంది

ఈసారి వచ్చిన జాబుల్లో చాలావాటిలో ఒకే ఫిర్యాదు ఉంది: "అందరూ ప్రశాంతంగా ఉండమంటారు, ఎట్లా ఉండాలో మాత్రం చెప్పరు." ఆ ఫిర్యాదు న్యాయమైనదే. గుండెను మెల్లగా కొట్టుకోమంటే కొట్టుకోదు, ఆలోచనను ఆగమంటే ఆగదు. మన మాట వినేవి రెండున్నాయి, ఊపిరీ కండరాలూ. అందుకే కింది జవాబుల్లో ఎక్కువభాగం వాటి గురించే.

ప్రశ్న: రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి పోతాను. పీసు లెక్కన కూలి. సాయంత్రానికి మెడ, భుజాలు బిగుసుకుపోతాయి, ఇంటికి పోతే పిల్లల మీద చిరాకు. ఫోన్‌లో చూసి ప్రాణాయామం మొదలుపెట్టినాను. గట్టిగా పది సార్లు పీల్చి వదిలేసరికి తల తిరిగింది, వేళ్ళు తిమ్మిరెక్కినాయి. నాకు ఇది పడదా అక్కా?
— ఒక సోదరి, రాయదుర్గం

జవాబు: పడకపోవడం కాదమ్మా, మోతాదు ఎక్కువైంది. కూర్చున్న మనిషికి అంత గాలి అక్కర్లేదు. గబగబా పెద్ద ఊపిరులు తీస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. అది తగ్గగానే మెదడుకు పోయే రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి, తల తేలిపోయినట్టుంటుంది. వేళ్ళ తిమ్మిరి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుండటం కూడా అందువల్లే. ఊపిరి మామూలుగా తీస్తే కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది.

మీకు కావలసింది పెద్ద ఊపిరి కాదు, నెమ్మది ఊపిరి. వీపు ఆనించి కూర్చోండి. ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టండి. నోరు మూసి ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలు పాటి గాలే పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఒక అంకె ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు ఊపిరులు. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది కాబట్టి వదిలే సమయం ఎక్కువ పెట్టుకుంటున్నాం. మధ్యలో బిగపట్టే పని లేదు. గర్భిణులు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు అసలు బిగపట్టకూడదు. రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. భోజనం చేసిన వెంటనే చేస్తే పొట్ట కదలదు, ఆయాసంగా ఉంటుంది. పీల్చినప్పుడు భుజాలు పైకి లేస్తున్నాయంటే గాలి ఎక్కువ తీస్తున్నట్టే. ఆరు అంకెలు రాకపోతే మూడు–నాలుగుతో మొదలుపెట్టి వారం తర్వాత పెంచండి.

ఇక భుజాల సంగతి. మిషను మీద వంగి మందపాటి గుడ్డ తోస్తున్నంతసేపూ భుజాలు చెవుల వైపు ఎక్కే ఉంటాయి, ఆ సంగతి మనకు తెలియదు. వాటిని వదులు చెయ్యాలంటే ముందు కావాలని బిగించాలి. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు 1920లలో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. రెండు భుజాలూ చెవుల దాకా ఎత్తి ఐదు సెకన్లు బిగించండి. ఉన్న బలమంతా పెట్టొద్దు, ముప్పావు చాలు. తర్వాత ఒక్కసారిగా జారవిడవండి. ఇరవై సెకన్ల పాటు ఏమీ చెయ్యకుండా, ఆ బరువు కిందికి దిగడాన్ని మాత్రమే గమనించండి. చాలామంది ఈ ఇరవై సెకన్లే ఎగ్గొడతారు, అసలు పని జరిగేది అక్కడే. ఇట్లా రెండుసార్లు. తర్వాత పిడికిళ్ళు, ఆపైన పళ్ళు బిగబట్టి దవడ. పిక్కలకు చేసేటప్పుడు కాలివేళ్ళను మీ వైపు లాక్కోండి, ముందుకు చాస్తే కండరం పట్టేస్తుంది.

పీసు లెక్క పని కాబట్టి వేళ పెట్టుకుంటే కుదరదు. బాబిన్ మార్చిన ప్రతిసారీ భుజాలు ఒక్కసారి ఎత్తి జారవిడిచే అలవాటు చేసుకోండి, అర నిమిషం పని. స్టూలు ఎత్తు కూడా చూడండి. మోచేతులు మిషను బల్ల ఎత్తుకు రావాలి. స్టూలు పొట్టిదైతే కింద గట్టి పలక వేసి ఎత్తు పెంచండి, అది చెయ్యకపోతే ఎన్ని వ్యాయామాలు చేసినా సాయంత్రానికి మెడ మళ్ళీ పట్టేస్తుంది. నొప్పి చేతిలోకి దిగుతుంటే, పట్టు తగ్గుతుంటే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: ఆదోనిలో పత్తి మండీలో గుమాస్తాను. సీజన్‌లో రోజుకు పది గ్లాసుల టీ అవుతుంది. తాగకపోతే తలనొప్పి, తాగితే గుండె దడ. ఒక్కసారిగా మానేస్తే మంచిదా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ఒక్కసారిగా వద్దు. కెఫీన్ ఆగిన పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపు తలనొప్పి మొదలై, రెండో రోజుకు బాగా పెరుగుతుంది, కొందరికి వారం పైన ఉంటుంది. దాన్ని తట్టుకోలేక మళ్ళీ టీ కొట్టుకే పోతారు. మూడు రోజులకు ఒక గ్లాసు చొప్పున తగ్గించండి. తగ్గించడం సాయంత్రం గ్లాసు నుంచి మొదలుపెట్టండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఆరింటికి తాగింది పదకొండింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. తగ్గించిన గ్లాసు చోట మజ్జిగ పెట్టుకోండి. చెయ్యి ఖాళీగా ఉంటే టీ దగ్గరికే పోతుంది. నాలుగు గ్లాసుల దగ్గర ఆగినా చాలు, టీ శత్రువేం కాదు. తగ్గించాక కూడా దడ అట్లాగే ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకుని, ఒక ఈసీజీ తీయించుకోండి.

ప్రశ్న: కర్నూలు వన్ టౌన్‌లో చిల్లర అంగడి ఉంది. రాత్రి పదింటికి పడుకుంటే ఒంటిగంట దాకా నిద్ర రాదు. ఎవరు ఎంత బాకీ, ఎవరికి ఎంత కట్టాలి, ఇవే తిరుగుతుంటాయి. ఎండాకాలం వస్తే మరీ నరకం. కొద్దిగా మందు తాగితే నిద్ర పడుతోంది. తప్పా?
— ఒక వ్యాపారి, కర్నూలు

జవాబు: మందుతో తొందరగా కన్ను మూతపడే మాట నిజమే. కానీ అది ఒంట్లో కరిగిపోయే వేళకు, అంటే తెల్లవారుజామున, నిద్ర ముక్కలవుతుంది. పైగా కొన్ని వారాల్లో అదే మోతాదు సరిపోకుండా పోతుంది. ఆ దారి మొదట్లోనే వదిలేయండి. ఇప్పటికే రోజూ ఎక్కువగా తాగుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టరును అడిగి తగ్గించండి. అలా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు.

లెక్కలు మంచం మీదికి రావడానికి కారణం, పగలు వాటికి ఒక చోటు లేకపోవడం. అంగడి మూసే ముందు పదిహేను నిమిషాలు వాటికే కేటాయించండి. ఒక కాగితం మీద మధ్యలో గీత గీసి ఎడమవైపు గుబులు, కుడివైపు రేపు దానికి చెయ్యగలిగిన ఒక్క పని రాయండి. "ఫలానా బాకీ" అని ఆపేస్తే లాభం లేదు. "పొద్దున పదింటికి ఫోన్, సగమైనా ఇమ్మని అడగాలి" అని రాస్తేనే మెదడు దాన్ని పక్కన పెడుతుంది. చెయ్యగలిగింది ఏమీ లేకపోతే "ఈ వారం ఏమీ లేదు" అనే రాయండి. కాగితం అంగడిలోనే ఉండాలి, ఇంటికి తేవద్దు. రాత్రి మళ్ళీ ఆ ఆలోచన వస్తే, రేపు సాయంత్రం దాని వేళ ఉందని చెప్పుకోండి. మొదటి నాలుగైదు రోజులు మొండికేస్తుంది, రెండు వారాలు చూడండి.

నిద్ర రాకుండా ఇరవై నిమిషాలు గడిచాయనిపిస్తే మంచం దిగండి. గడియారం చూడొద్దు, దాన్ని గోడవైపు తిప్పేయండి. మసక దీపంలో కూర్చుని పాత పత్రికేదైనా తిరగేయండి, రెప్పలు బరువెక్కాకే మళ్ళీ పడుకోండి. మంచం మీద గంటల తరబడి పొర్లితే మంచం అంటేనే మెలకువ అని ఒంటికి అలవాటవుతుంది. ఏ వేళకు నిద్రపోయినా పొద్దున లేచే వేళ మార్చొద్దు, పగటి కునుకు ఇరవై నిమిషాలు దాటనివ్వద్దు.

వేడి విషయంలో కర్నూలు వాళ్ళ కష్టం వేరు. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. మీ మిద్దె స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా గదిలోకి వదులుతుంది. సాయంత్రం ఆరింటికి మిద్దె మీద నీళ్ళు చల్లి, అది ఆరాక ఇంకోసారి చల్లండి. మన గాలి పొడిది, నీళ్ళు తొందరగా ఆవిరై వేడిని తీసుకుపోతాయి. పడుకునే గంట ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చెయ్యండి. మే నెలలో ట్యాంకు నీళ్ళు సాయంత్రానికి వాటంతటవే వెచ్చగా ఉంటాయి, అవే మంచివి. మరీ చల్లటి నీళ్ళు పోసుకుంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. కూలర్ పెట్టి తలుపులు కిటికీలు మూసేసేవాళ్ళు చాలామంది. అప్పుడు తేమ గదిలోనే పేరుకుని ఉక్కపోస్తుంది. ఎదురుగా ఉన్న కిటికీ జానెడు తెరిచి ఉంచండి.

ఇవన్నీ చేసినా నెల దాటి నిద్ర లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందుల అంగడిలో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు.

ప్రశ్న: అత్తగారికి పక్షవాతం. ఆమె పనులు, ఇద్దరు పిల్లలు, వంట. కోపం వస్తే నోరు అదుపులో ఉండటం లేదు, తర్వాత ఏడుపు. నాకు ఐదు నిమిషాలు కూడా దొరకవు మేడమ్.
— ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: మీ కోపానికి సిగ్గుపడకండమ్మా. ఇద్దరు ముగ్గురు చెయ్యాల్సిన పని ఒక్కరే చేస్తున్నారు.

కోపం ఎగసిన క్షణానికి ఇది చెయ్యండి. కుండలోని చల్లటి నీళ్ళలో తువాలు ముంచి, కళ్ళూ బుగ్గలూ కప్పేలా ముఖం మీద అదిమి, ఊపిరి ఆపి పదిహేను, ఇరవై సెకన్లు ఉండండి. ముఖానికి చల్లదనం తగిలి ఊపిరి ఆగితే గుండె వేగం తగ్గించుకునే గుణం ఒంటికి పుట్టుకతోనే ఉంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు మాత్రం ఇది చెయ్యొద్దు. నెమ్మది ఊపిరికి విడిగా వేళ వెతకొద్దు, కుక్కరు పొయ్యి మీద పెట్టి మొదటి కూత వచ్చేదాకా చెయ్యండి.

కానీ ఇవి ఆ పూటకే. అసలు మందు పని పంచుకోవడం. "కొంచెం సాయం చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. "రాత్రి అమ్మకు అన్నం పెట్టడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడంలో తొమ్మిదింటి వంతు మీది" అని మీ ఆయనకు పనీ వేళా చెప్పి అప్పగించండి. ఆడబిడ్డలుంటే నెలకు రెండు రోజులు వచ్చి ఉండమనండి. అడగడం తప్పేమీ కాదు, ఆమె వాళ్ళకు తల్లి.

ప్రశ్న: బుడ్డల (వేరుశనగ) పంట వరుసగా రెండేండ్లు పోయింది. అప్పులున్నాయి. మా ఆయన పలకడం తగ్గించినాడు, అన్నం సరిగా తినడు, తెల్లవారుజామున లేచి కూర్చుంటాడు. మొన్న "నేను లేకుంటే మీకు పీడ పోతుంది" అన్నాడు. మనసు తేలికపడే వ్యాయామం ఏదన్నా చెప్పండి.
— ఒక రైతు భార్య, ఉరవకొండ దగ్గర

జవాబు: చెల్లెమ్మా, ఇది వ్యాయామంతో తీరేది కాదు, ఈరోజే కదలండి. ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, పుట్టదు. అడిగేవాళ్ళు ఒకరున్నారని చాలామందికి బరువు తగ్గుతుంది. సమాధానం చెప్తుంటే అడ్డుపడొద్దు, "పిల్లల ముఖం చూడు" అని మందలించొద్దు. ఆయనకు ఇప్పటికే తానొక భారమన్న బాధ ఉంది.

ఇంట్లో, చేను దగ్గర ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీసి వేరే వాళ్ళ ఇంట్లో తాళం వేయించండి. మన ఇంట్లోనే దాస్తే చాలదు. చావాలన్న తీవ్రత చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ సేపట్లో పురుగుమందు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. మద్యం కూడా దగ్గర ఉండనీయొద్దు.

14416కు ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. మీరే చేసి ఏం చెయ్యాలో అడగొచ్చు. ఆ వెంటనే అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయి మానసిక వైద్యుడికి చూపించండి. మందులు రాస్తే గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "ఏమీ తేడా లేదు" అని మధ్యలో ఆపొద్దు. ఆ మాత్రలు కూడా మీ దగ్గరే ఉంచుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. పొరపాటున ఏదైనా తాగితే తక్షణం 108.

అప్పుల మాట ఆయన కొంచెం తేరుకున్నాక, నమ్మకమైన బంధువు ఒకరిని కూర్చోబెట్టుకుని కాగితం మీద రాయండి. మీది కరువు మండలంగా ప్రకటించి ఉంటే పంట రుణం వాయిదాలు మార్చమని బ్యాంకులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ పని మీరూ ఆ బంధువూ కలిసి చెయ్యండి, ఆయన్ని ఒక్కణ్ణే పంపొద్దు.

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం. చదివిందంతా ప్రశ్నపత్రం చూడగానే మాయమవుతుంది, చేతులు వణుకుతాయి. ఏం చెయ్యాలి?
— ఒక విద్యార్థిని, కడప

జవాబు: పత్రం చేతికి రాగానే ప్రశ్నలు చదవకమ్మా. పాదాలు రెండూ నేలకు ఆనించు. ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదనే ఇంకొంచెం పీల్చి, నోటితో మెల్లగా పూర్తిగా వదులు. మూడుసార్లు చాలు, అర నిమిషం కూడా పట్టదు. తర్వాత బాగా వచ్చిన రెండు మార్కుల ప్రశ్న ఒకటి వెతికి రాయడం మొదలుపెట్టు, చెయ్యి కదిలితే వణుకు తగ్గుతుంది, మిగతావి గుర్తుకొస్తాయి. పరీక్ష రోజున మొదటిసారి చేస్తే ఇది పనిచెయ్యదు. ఇప్పటి నుంచి కాలేజీలో పెట్టే ప్రతి స్లిప్ టెస్టుకూ ఇట్లాగే చెయ్యి. ఇంట్లో పాత ప్రశ్నపత్రం రాసేటప్పుడు గడియారం పెట్టుకుని, బల్ల ముందు కూర్చుని, మొదటి అర నిమిషం దీనికే ఇవ్వు. పొద్దున ఖాళీ కడుపుతో మాత్రం పోవద్దు, ఆకలికి వచ్చే వణుకూ భయానికి వచ్చే వణుకూ ఒకేలా ఉంటాయి.