బెలూన్‌లో ఆఫ్రికా దాటాలంటే: ముందు ఇసుక లెక్క చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు బెలూన్‌లో పోతానన్న దారి, టాంజానియా తీరంలోని దారెస్సలాం నుంచి అంగోలా తీరంలోని లువాండాకు, సుమారు 2,900 కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల గాలి దొరికితే నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు. వేడిగాలి బెలూన్‌తో ఇది కాదు, కొన్ని గంటల్లోనే ఇంధనం అయిపోతుంది. హైడ్రోజన్‌తోనే వెళ్లు. 1962లో ఆంథొనీ స్మిత్ అనే ఇంగ్లీషు బెలూనిస్టు జాంజిబార్ దీవి నుంచి బయల్దేరిందీ దానితోనే.

జూన్ నుంచి ఆగస్టు లోపు చూసుకో. అప్పుడు తీరంలో కుసి అనే ఆగ్నేయపు గాలి ఉంటుంది. కానీ అది నిన్ను విక్టోరియా సరస్సు వైపు తోస్తుంది. బయల్దేరే ముందు చిన్న బెలూన్లు వదిలి, నేరుగా పడమటికి పోయే గాలి ఏ ఎత్తులో ఉందో కనిపెట్టు. ఉత్తరానికి జరిగి కాంగో అడవి మీదికి పోయావంటే మధ్యాహ్నాలు ఉరుముల మేఘాలు, కింద దిగడానికి చోటుండదు. అటు జరుగుతున్నట్టు అనిపిస్తే అడవి రాకముందే దిగిపో. దారిలో వచ్చే ప్రతి దేశం నుంచీ గగనతల అనుమతి విడిగా తీసుకోవాలి.

ఇక అసలు సంగతి. నువ్వు ఎంత దూరం పోతావో గాలి కాదు, బుట్టలో ఉన్న ఇసుక చెబుతుంది. బెలూన్ కిందికి జారినప్పుడల్లా కొంచెం ఇసుక బయటికి పోసి బరువు తగ్గిస్తేనే అది పైన నిలుస్తుంది. 1,000 ఘనమీటర్ల బెలూన్ తీరంలో సుమారు 1,100 కిలోలు ఎత్తుతుంది. నువ్వు దాటాల్సింది పీఠభూమి. 2,000 మీటర్ల ఎత్తులో అదే బెలూన్ 920 కిలోలే మోస్తుంది. అందుకే తీరంలో నిండుగా నింపొద్దు, 820 ఘనమీటర్లు చాలు. పైకి పోయేకొద్దీ అదే ఉబ్బి నిండుతుంది. మొత్తం నింపితే పైకి పోయేకొద్దీ ఎక్కువైన గ్యాస్ అడుగు గొట్టం నుంచి బయటికి పోతుంది, ఆ ఎత్తుకు చేరడానికి పోసిన ఇసుకా దండగ. ఇలా వదులుగా ఉన్న బెలూన్ సంచి తెరచాపలా గాలి పట్టేస్తుంది కాబట్టి నిశ్చలంగా ఉన్న రాత్రే లేవాలి. నింపేటప్పుడు గొట్టానికి, వాల్వుకి ఎర్తు తీగ కట్టు. అందరూ నూలు బట్టలే వేసుకోవాలి, నైలాన్ రాపిడికి పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ 920లో బెలూన్ సంచి, దాని మీది వల, బుట్ట 260 కిలోలు, ఇద్దరు మనుషులు 160, నీళ్లు 40, తిండి, రేడియో, బ్యాటరీలు, ఆక్సిజన్ 55. మిగిలింది 405, అంటే 15 కిలోల ఇసుక సంచులు 27. నాలుగింటిని మూతి కట్టి దిగడానికని పక్కన పెట్టు. మిగిలిన 23 నాలుగు రోజులకు పంచితే రోజుకు ఆరు కూడా రావు.

వీటిని తినేసేది సాయంత్రం. ఎండకు వేడెక్కిన గ్యాస్ 10 డిగ్రీలు చల్లబడితే మూడున్నర శాతం కుంచించుకుంటుంది, అంటే రెండు ఇసుక సంచులకు పైనే. సూర్యుడు దిగుతుంటే బెలూన్ సంచి అడుగున చూస్తూ ఉండు, బట్ట మీద ముడత పడుతుంది. అప్పుడే గరిటెడు ఇసుక పోసి, ఎంత వేగంగా ఎక్కుతున్నావో, దిగుతున్నావో చూపే వేరియోమీటర్ సూది ఏమంటుందో చూసి, ఇంకో గరిటె పొయ్యి. వదులైన బెలూన్ పడటం మొదలుపెడితే దానంతటది ఆగదు. వేగం పట్టాక ఆపడానికి రెట్టింపు ఇసుక కావాలి. ఇసుక జల్లించి ఎండబెట్టినదే తీసుకో. తడి ఇసుక గడ్డకట్టి కింద ఉన్నవాళ్ల నెత్తిన రాయిలా పడుతుంది.

ఇంకో చిక్కుంది. నిండు బెలూన్ బరువులో ఒక శాతం తగ్గితే 80 మీటర్లు పైకి పోతుంది. రాత్రి నాలుగు శాతం పోశావంటే మర్నాడు ఎండకు 320 మీటర్లు ఎక్కువ లేస్తుంది, ఆ మేరకు గ్యాస్ పోతుంది. ఇలా రోజురోజుకూ ఎత్తు పెరుగుతుంది. 4,000 మీటర్లు రాకముందే ఆక్సిజన్ పెట్టుకో. మూడో సాయంత్రానికి పది ఇసుక సంచులు లేకపోతే లువాండా మాట మరిచిపోయి, మర్నాడు తెల్లవారి గాలి తగ్గినప్పుడు దిగు.

దిగేటప్పుడు వేలాడే తాడు చాలా సాయం. మీటరుకు అరకిలో తూగే తాడు 20 మీటర్లు నేలను పట్టుకుంటే 10 కిలోలు తగ్గినట్టే, బెలూన్ తనంతట తాను నెమ్మదిస్తుంది. కింది కొసన ముడి వెయ్యకు, చెట్ల కొమ్మల్లో ఇరుక్కుంటుంది. బుట్ట నేలకు తగిలే క్షణంలో మోకాళ్లు కొంచెం వంచి, బెలూన్ పైభాగాన్ని చీల్చి గ్యాస్ అంతా వదిలేసే ఎర్ర తాడు పూర్తిగా లాగు. బెలూన్ సంచి నేల మీద పూర్తిగా పరుచుకునేదాకా ఇద్దరిలో ఎవరూ కాలు బయట పెట్టొద్దు. ఒకరు దూకితే 80 కిలోలు ఒక్కసారిగా తగ్గి, రెండోవాడు తాడు లాగేలోపే మళ్లీ ఆకాశంలో ఉంటాడు, అదీ ఒంటరిగా.

నీ లెక్కలు వేసి పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న